నెత్తిన దువ్వెన ఉన్న చేప

జగన్నాథరావుగారు ఉప్పాడ ఒడ్డుకు రావడం మొదలుపెట్టిన పదో రోజుకల్లా పోతురాజుకు అన్నం సయించడం మానేసింది.

చెన్నపట్నంలో ఒక దొరగారు చేపల మీద పుస్తకం రాస్తున్నారు. దానికి బొమ్మలు గీసే ఉద్యోగి ఈ జగన్నాథరావు. నల్లకోటు, పెద్ద గొడుగు, చెవిమీద పెన్సిలు. బస పిఠాపురం సత్రంలో. పొద్దున్నే బండి కట్టించుకుని వచ్చి, వీరాస్వామి తాటాకు పాక ముందు పీట వేసుకుని కూర్చుంటాడు. కూర్చుంటే కూర్చున్నాడు, ఎవరు కాదన్నారు? ఆ పీట పక్కనే వీరాస్వామి కూతురు లోవమ్మ కూడా కూర్చుంటోంది. పోతురాజుకు కడుపు మండేది అక్కడ.

జగన్నాథరావు చేపను ముట్టుకోడు. ముట్టుకుంటే తలస్నానం చెయ్యాలి. రోజుకు నాలుగు చేపలంటే నాలుగు స్నానాలు. అందుకని లోవమ్మే చేపను పట్టుకుని, తిప్పమంటే తిప్పి, రెక్క విప్పమంటే విప్పి చూపిస్తుంది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం కట్టుకుని గీసుకుంటాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదని పోతురాజుకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా?

లోవమ్మ అతనికి మేనమామ కూతురు. "పిల్లనే అడుగు. అది ఊఁ అంటే నాకేం అభ్యంతరం లేదురా" అని వీరాస్వామి తొలకరికి ముందే చెప్పేశాడు. అడగడానికి పోతురాజుకు నోరు పెగల్లేదు. సొరను ఒంటిచేత్తో తెప్పమీదకు లాగే మనిషి, గొంతులోంచి ఒక్క మాట బయటికి లాగలేకపోయాడు. రేపు రేపు అనుకుంటుండగానే ఈ గొడుగాయన దిగబడ్డాడు.

పైగా తెప్ప ఒడ్డుకు చేరగానే లోవమ్మ రోజూ ఎదురొచ్చేది.

"ఇది ఎక్కడ పడింది బావా? ఎంత లోతులో? అప్పుడు గాలి ఎటుంది?"

"నీకెందుకే?"

"జగన్నాథరావుగారు రాసుకుంటారంట."

"అంటే ఆయన కోసం అడుగుతున్నావన్నమాట."

"మరి నీ కోసమా? నీకు తెలిసిందేగా" అని నవ్వి, మంచి చేపను ఏరి బుట్టలో వేసుకుని చక్కా పోయేది. ఆ నవ్వు కోసమే పోతురాజు పది రోజులుగా మంచి చేపలు పట్టి శత్రువు చేతికి అప్పగిస్తున్నాడు.

సోమవారం సొరతోపాటు ఒక వింత చేప దొరికింది. మూరెడు పొడవు, సన్నటి ఒళ్లు, వీపూ పొట్టా ఒకటే నలుపు. తల ఒక పక్క చదునుగా ఉండి, దానిమీద దువ్వెన పళ్లలాగా అడ్డగీతలు. సొరలకూ తాబేళ్లకూ నెత్తితో అతుక్కుని తిరుగుతుంది. తెప్పమీదే ఊడబెరికి నీళ్లలోకి విసిరేస్తారు కాబట్టి ఒడ్డునుండే ఆడవాళ్ల కంట పడదు. లోవమ్మ కూడా ఎప్పుడూ చూడలేదు కదా అని, చచ్చినదాన్నే పారెయ్యకుండా ఒడ్డుకు తెచ్చాడు.

"ఇదేం చేపండీ?" జగన్నాథరావు పీటమీంచి లేచి నిలబడ్డాడు.

"అంటుచేపండి."

"మా లిస్టులో లేదే! దీనికి పైనేది, కిందేది?"

పోతురాజు అటు చూశాడు. జగన్నాథరావు ఎడంచేత్తో పట్టుకున్న గొడుగు నీడ సగం కాగితం మీద, సగం లోవమ్మ మీద పడుతోంది. లోవమ్మ ఆ నీడలో హాయిగా కూర్చుని ఉంది. పోతురాజు వీపు మాత్రం ఎండలో మాడుతోంది.

"గీతలున్నది పొట్టండి" అన్నాడు. నీ బొమ్మ చూసి నీ దొర నవ్వాలి అనుకున్నాడు లోపల.

"కళ్ల వరస చూస్తే అలా అనిపించట్లేదే..."

"అనుమానం లేకుండా గీసుకోండి" అంది లోవమ్మ. "సముద్రం సంగతిలో మా బావ అబద్ధం చెప్పడండి."

పోతురాజు చూపు సముద్రం వైపు తిప్పుకున్నాడు.

చేప బొమ్మ తలకిందులుగా తయారైంది. "తెచ్చినవారి పేరు మామూలేగా?" అని అడిగాడు జగన్నాథరావు. మామూలేనండి అంది లోవమ్మ.

"మామూలంటే ఏంటండి?" అన్నాడు పోతురాజు.

జగన్నాథరావు పుస్తకం మొదటికి తిప్పి చదివాడు. "ఒకటో నంబరు, మాగ. తెచ్చినవారు పోతురాజు, ఉప్పాడ. రెండో నంబరు, చందువా. తెచ్చినవారు పోతురాజు, ఉప్పాడ. నలభై ఒక్క చేపలూ మీవేనండి. ఊళ్లో ఇన్ని తెప్పలున్నాయి, వేరేవాళ్లవి కూడా చూద్దామంటే ఈ అమ్మాయి పడనివ్వలేదు. ఇది అచ్చయితే ఇంగ్లీషు సీమ దాకా వెళుతుంది మీ పేరు."

లోవమ్మ బుట్ట కడిగే పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయింది. పోతురాజు నిలబడ్డచోటే ఉండిపోయాడు. ఆ పూట కూడా అన్నం సయించలేదు, కాకపోతే కారణం మారింది.

మర్నాడు తెల్లారగానే వల బాగుచేస్తున్న లోవమ్మ ముందుకెళ్లి నిజం చెప్పేశాడు.

ఆమె చేతిలో దారం ఆగిపోయింది. "ఎందుకు చెప్పావలా?"

"ఆయన నీకు గొడుగు పట్టాడని."

"నాకా? కాయితం మీద ఎండ పడకుండా పట్టుకున్నారు. మధ్యలో నేనున్నాను, అంతే. నా తలమీద నిప్పులు పడినా ఆయనకు పట్టదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు అబద్ధం చెప్పడం కాదు బావా. నీ అబద్ధానికి నాచేత పూచీ ఇప్పించావు."

"ఇప్పుడే వెళ్లి ఆయనతో చెబుతాను."

"నిన్న అటన్నావు, ఇవాళ ఇటంటావు. ఏది రాసుకుంటారు? ప్రాణంతో తీసుకురా. అదే ఈది చూపిస్తుంది. శుక్రవారం ఆయన ఎళ్లిపోతారు." దారం పళ్లతో తెంపి, తల దించుకుని అంది. "నన్నేదో అడగమని నాన్న నీతో చెప్పాడంటగా. ఆ చేప తెచ్చాకే అడుగు. తేకపోతే అడగొద్దు."

అంటుచేపను ప్రాణంతో ఒడ్డుకు తెచ్చినవాడు ఆ ఊళ్లో లేడు. మంగళ, బుధ, గురువారాలు పోతురాజు సముద్రంలోనే ఉన్నాడు. అక్కర్లేనప్పుడు ఎన్నో విసిరేశాడు, కావలసినప్పుడు ఒక్కటీ దొరకలేదు.

శుక్రవారం పొద్దున మామ వీరాస్వామి కూడా తెప్ప ఎక్కాడు. వలలో పెద్ద తాబేలు చిక్కుకుంది. దాని డొప్పకు ఒక అంటుచేప కరుచుకుని ఉంది. పోతురాజు ఆత్రంగా తోక పట్టి లాగాడు. కదల్లేదు. రెండు చేతులతో గుంజాడు. ఇంకా బిగుసుకుంది.

"ఎందుకురా దాంతో కుస్తీ? తెగిపోతుంది. ఆ గీతలు వెనక్కి లాగేకొద్దీ పట్టేస్తాయి. ముందుకు తొయ్యి, అదే వదులుద్ది."

అరచేత్తో మెల్లగా ముందుకు తోశాడు. చేప టక్కున వదిలేసింది. దాన్ని సముద్రపు నీళ్ల కుండలోకి జారవిడిచారు. తాబేలుకు దణ్ణం పెట్టి వల తప్పించారు. పోతురాజు దారిలో రెండుసార్లు నీళ్లు మార్చాడు.

ఒడ్డున బండి కట్టి ఉంది. జగన్నాథరావు పెట్టె ఎక్కిస్తున్నాడు. పోతురాజు పరిగెత్తుకొచ్చి కుండలో చేపను నీళ్ల గోలెంలో కుమ్మరించాడు. అది గీతలున్న నెత్తిని పైకి పెట్టుకుని ఒక చుట్టు ఈది, వెళ్లి గోలెం గోడకు అతుక్కుంది.

"నేను చెప్పింది తప్పండి. కావాలనే తప్పు చెప్పాను" అన్నాడు పోతురాజు, అందరి ముందూ. "అది పొట్ట కాదు, నెత్తి. లోవమ్మ నన్ను నమ్మి చెప్పింది, ఆమె తప్పేం లేదండి."

జగన్నాథరావుకు కోపం తెచ్చుకునే తీరిక లేదు. అప్పటికే పెన్సిలు తీశాడు. చేపను చూసిన సంతోషంలో స్నానం సంగతి మరిచిపోయి తోక పట్టుకుని లాగాడు. రాలేదు.

"వెనక్కి లాగకండి. ముందుకు తొయ్యండి, అదే వత్తది" అన్నాడు పోతురాజు.

"ఆ సంగతి ఇన్నాళ్లకు తెలిసిందా బావా?" లోవమ్మ గోలెం అవతలినుంచి అంది. "పది రోజుల పైనుంచీ అలుగుతావు, ముఖం తిప్పుకుంటావు, అన్నీ వెనక్కి లాగడాలే. ఒక్క అడుగు ముందుకేసి అడిగావా?"

పోతురాజు గోలెం చుట్టూ తిరిగి ఆమె ముందుకు వచ్చాడు. "నన్ను చేసుకుంటావా?"

లోవమ్మ నోరు తెరిచేలోపే జగన్నాథరావు సోమవారం నాటి బొమ్మ కొట్టేసి, తలెత్తకుండానే అడిగాడు. "నలభై రెండో నంబరు. తెచ్చినవారి పేరు మామూలేగా?"

"కాదండి, లోవమ్మ పేరు రాయండి" అన్నాడు పోతురాజు. "ఆమె అడక్కపోతే ఇది వచ్చేది కాదు."

"లోవమ్మ, ఉప్పాడ..." జగన్నాథరావు రాయబోయాడు.

"లోవమ్మ, పోతురాజు భార్య అని రాయండి" అంది లోవమ్మ.

పెన్సిలు ఆగింది. "ఇంకా పెళ్లి కాలేదు కదమ్మా?"

వీరాస్వామి తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "రాసేయండి బాబుగారూ. మీ పుస్తకం అచ్చయ్యేసరికి అయిపోద్ది" అన్నాడు.