మూల బంగ్లా మేడ కిటికీ

పద్మారావు నగర్‌లో మా వీధి చివర ఒక పాత బంగ్లా ఉంది. దీపాలు పెట్టే వేళ దాటితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే ఫోన్ చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు.

మూల బంగ్లా అంటారు దాన్ని. గేటుకు తాళం, కరెంటు ఎప్పుడో తీసేశారు. అయినా చీకటి పడగానే మేడ మీది కిటికీ అద్దాల్లో ఒక ఆడమనిషి కనబడుతుందని దానికి చెడ్డపేరు. చెయ్యి ఊపదు, పిలవదు... ఊరికే నిలబడి చూస్తుంది.

ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్న రాజును అడిగితే కథ ఇంకా పెరుగుతుంది. ఒకరోజు తెల్లచీర అంటాడు, ఇంకోరోజు విరబోసిన జుట్టు అంటాడు. గిరాకీ లేని రోజున పాదాలు కూడా వెనక్కి తిరిగిపోతాయి. వినేటప్పుడు నవ్వేదాన్నే గానీ, నేనూ భయపడ్డదాన్నే. ఆ కిటికీ వైపు చూపు పోతే చాలు, భయం పోవాలని లోలోపల ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుకునేదాన్ని.

ఆమె ఎవరో కూడా వీధే తేల్చేసింది. కల్పలత అట. ఆ మేడ వాటాలో చాలా ఏళ్లు అద్దెకున్న పద్మనాభం గారి భార్య. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు అంబులెన్స్ ఎక్కి వెళ్లింది, మళ్లీ రాలేదు. ఆయన లాలాగూడలో తమ్ముడి ఇంటికి మారిపోయాడు. బంగ్లా అప్పట్నుంచి మూతబడే ఉంది.

అటువంటి చోటికి కెమెరా పట్టుకుని సృజన వచ్చింది. ఆ తర్వాత జరిగిందంతా ఆమె నోటి నుంచే విన్నాను.

సృజన భవనాల ఫోటోలు తీసే అమ్మాయి. ఒక పాత ఇల్లు, దాని ఎదుట లేచిన కొత్త కట్టడం — రెంటినీ జంటగా తీసి ఎగ్జిబిషన్ పెట్టాలని మా పేటంతా తిరుగుతోంది. ఇంటి ముందు ఆటోలూ స్కూటర్లూ మనుషులూ లేకుండా కట్టడం ఒక్కటే రావాలంటే ఆమెకో పద్ధతి ఉంది. కెమెరాను స్టాండుకు బిగించి, మునిమాపు వేళ దాని కన్ను చాలాసేపు తెరిచి ఉంచుతుంది. కదిలేవేవీ ఫోటోలో నిలవవు. ఎంత రద్దీ రోడ్డయినా ఖాళీగా వస్తుంది. కదలకుండా ఉన్నదే అందులో పడుతుంది.

ఆ సాయంత్రం చాయ్ బండి పక్కన, ఫుట్‌పాత్ మీద స్టాండు పెట్టి మూల బంగ్లాను తీసింది. తీసి, తెరలో చూసుకుంది.

రోడ్డు ఖాళీ. ఒక్క ఆటో లేదు. బండి దగ్గరి నుంచి రోడ్డు దాటి గ్లాసులు ఇచ్చొచ్చిన రాజు కూడా లేడు. కానీ మేడ కిటికీలో... తలమీద ముసుగు వేసుకున్న ఆడమనిషి. పిసరంత కూడా కదలకుండా.

రాజు తొంగి చూశాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోలేదు.

"చెప్పిన్నా లేదా మేడం..." అన్నాడు. "గిప్పుడన్న నమ్ముతరా?"

తెల్లారేసరికి ఆ ఫోటో కాలనీ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. సాయంత్రం కాగానే వీధి వీధంతా తలుపులు వేసుకుంది. ఒక్క మనిషి మాత్రం ఆ ఫోటోను వెతుక్కుంటూ వచ్చాడు.

పద్మనాభం గారు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎవరింటికో పెళ్లికి వచ్చినట్టు వచ్చాడట.

"ఆ ఫోటో జెర పెద్దగ చేసి చూపిస్తవా బిడ్డా?"

సృజన పెద్దది చేసింది. ముసుగు చుట్టూ వెలుతురు ఉంది గానీ, మధ్యలో అంతా నలుపే.

"ముఖం పడలేదు అంకుల్..."

"గప్పుడు సుత గంతే అయింది బిడ్డా. కవర్ల చుట్టి ఇచ్చిన్రు. ఒక్కపారి ముఖం చూపియ్యున్రి అని చేతులు జోడించిన... రూల్ లేదన్నరు. నేను మట్టి జేసింది కల్పలతనో, ఇంకెవరినో — నాకు ఇయ్యాల్టికీ తెల్వది."

సృజన ఫోటోను మళ్లీ చిన్నది చేసి, కిటికీ అంతా కనబడేట్టు పెట్టింది. ఆయన మెల్లగా అన్నాడు.

"నేను వర్క్‌షాప్‌కెళ్లి వచ్చే యాళ్లకు గదే కిటికీల నిలబడేది. నేను మూల తిరిగి, గేటు తీసేదాక కదలకపోయేది. అందరూ భయపడుతున్నరు గని, నాకేం భయం? నాకు ముఖం చూస్తే చాలు."

"రేపు మళ్లీ తీస్తా అంకుల్. ఈసారి ముఖం పడేటట్టు చూస్తా," అని మాటిచ్చేసింది సృజన.

మర్నాడు ఇద్దరూ అదే చోట నిలబడ్డారు. చీకటి మెల్లగా దిగింది. చాయ్ బండి ఆ పూట తెరవలేదు, రాజుకు ఉన్నట్టుండి జ్వరం వచ్చిందట. బంగ్లా నల్లగా ఉంది. కిటికీ నల్లగా ఉంది. చూస్తూ ఉండగానే అద్దం వెనక సన్నటి వెలుగు — ఆ వెలుగులో ఆమె.

సృజన కెమెరా కన్ను తెరిచింది. పద్మనాభం గారు చెప్పులు విడిచి ఒక అడుగు ముందుకు వేశాడు.

"కల్పా... నేనే," అన్నాడు గుసగుసగా. "మంచిగనే ఉన్న. బీపీ గోలీలు యాదితోని ఏసుకుంటున్న. మరదలు మంచిగ చూస్తది. నువ్వు పరేషాన్ కాకు..."

కెమెరా కన్ను తెరిచే ఉంది. ఆమె కదల్లేదు. ఈయన మాటలూ ఆగలేదు.

అంతలో — వెనక నుంచి, పైనుంచి, పసిబిడ్డ కెవ్వుమన్న ఏడుపు.

కిటికీలో ఆమె ఉలిక్కిపడింది. చటుక్కున పక్కకు తిరిగింది... మాయమైంది.

సృజన గబుక్కున రోడ్డు మధ్యకు వెళ్లి వెనక్కి తిరిగి చూసింది. వాళ్లు నిలబడ్డది కొత్త అపార్ట్‌మెంట్ గోడ పక్కన. దాని మూడో అంతస్తు కిటికీలో లైటు వెలుగుతోంది. ముసుగు వేసుకున్న ఒక తల్లి, భుజం మీది బిడ్డను జోకొడుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతోంది.

అంతే! ఇంకేమీ లేదు. వెనక గది చీకటైతే ఏ కిటికీ అద్దమైనా అద్దమే. ఎదుటి కొత్త ఇంటి కిటికీ, పాత ఇంటి కిటికీలో కనబడుతోంది... అదీ చాయ్ బండి దగ్గర నిలబడి చూస్తేనే. భుజం మీద నిద్రపోయిన బిడ్డ లేస్తుందని ఆ తల్లి ఊపిరి బిగబట్టి నిలబడేది. అందుకే ఫోటోలో పడింది.

పద్మనాభం గారూ తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. దెయ్యం లేదన్న మాట వీధిలో అందరికీ చల్లని కబురే. ఆ పెద్దమనిషికి మాత్రం భార్య రెండోసారి పోయింది. ఆయన ముఖం చూడలేకపోయానక్కా అని సృజన నా దగ్గర ఏడ్చేసింది.

ఆయన వంగి చెప్పులు వేసుకున్నాడట. కాళ్లకు పట్టడానికి కాసేపు పట్టిందట. తర్వాత సృజన చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ సంగతి ఆ మీదున్న అమ్మకు చెప్పకు బిడ్డా. తెలిస్తే ఆమె కిటికీ కాడ నిలబడుడు బంద్ చేస్తది."

సృజన చెప్పకుండా ఉండేదే. కానీ ఫోటోలో మనిషి ఉంటే, ఆ మనిషిని అడగకుండా గోడకు పెట్టకూడదని ఆమె పట్టింపు. ఎన్నో రోజులు తటపటాయించి, చివరికి ఒక మధ్యాహ్నం ఫోటో పట్టుకుని మూడో అంతస్తు ఎక్కి బెల్ కొట్టింది.

తలుపు తీసింది నేనే.

మా పాప అక్సా ఇప్పుడు నడుస్తోంది. భుజం మీద నిద్రపోయే రోజులు ఎప్పుడో పోయాయి. అయినా చీకటి పడేసరికి లైటు వేసి, ముసుగు సర్దుకుని ఆ కిటికీ దగ్గర నిలబడతాను. ఫోన్ మోగినా కదలను. కూర మాడినా కదలను. కింద ఫుట్‌పాత్ మీద ఇస్త్రీ చొక్కా ఆయన బంగ్లా వైపు చూస్తూ ఏదో చెబుతుంటాడు. మూడో అంతస్తుకు మాటలు వినబడవు.

నిన్న ఆయన ఎందుకో మధ్యలో ఆగాడు. ఏదో అడిగినట్టున్నాడు... జవాబు కోసం చూస్తున్నట్టున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆగలేక, ఒక్కసారి తలూపాను.

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని అక్కడే కూర్చుండిపోయాడు.