టైలరమ్మ పెరట్లో చప్పుడు

ఆ సందు చివరి ఇంటి దగ్గరికి వచ్చేసరికి, చీకటిపడ్డాక ఎవరికైనా నడక వేగం పెరిగేదట. టైలరమ్మ పోయి ఏడాది తిరగలేదు. పొద్దుగూకితే చాలు, పెరటి వైపు నుంచి కుట్టుమిషన్ చప్పుడు... ఎవరో తొందర పని పెట్టుకుని కూర్చున్నట్టు. విన్నవాళ్లు మెల్లగా చెప్పుకున్నారు. విననివాళ్లు గట్టిగా చెప్పుకున్నారు.

ఆమె కూతురు ఆ ఇంట్లోనే ఉంటోంది. అక్కడే అమ్మ షాపు మళ్లీ తెరిచి, బడిపిల్లల యూనిఫాంల పని ఒప్పుకుంది. తీరా కుట్టడానికి కుదిరిన ఇద్దరాడవాళ్లూ ఓ సాయంత్రం ఆ చప్పుడు విని, కత్తెరలు కూడా వదిలేసి పోయారు. రేపు పొద్దున వాళ్లు రాకపోతే పని వేరే షాపుకి పోతుంది. ఈ షాపు మళ్లీ మూతే.

అందుకే మేనమామకి కబురు పెట్టింది. అతను టైలరమ్మకి తమ్ముడు, మిషన్లు బాగుచేసే మనిషి. జేబులో పెన్ను ఉండాల్సిన చోట నూనెడబ్బా ఉంటుంది కాబట్టి అందరికీ నూనెడబ్బాయే. వీధిలోంచి వింటే చాలు, లోపల మిషన్‌కి ఏ రోగమో చెప్పేస్తాడు.

"బతికున్నన్నాళ్లూ అక్క నన్ను నిద్రపోనివ్వలేదు. ఇప్పుడూ అంతేనా?" అంటూ వచ్చాడు.

వచ్చీ రాగానే పెరటి గదిలోని అక్క మిషన్ బెల్టు ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. గదికి తాళం వేసి, తాళంచెవి మేనకోడలి చేతికిచ్చాడు.

"ఇక ఎవరు తొక్కినా తిరగదు. పద, పెరట్లో కూర్చుందాం."

వెలుతురు పోయింది. పక్కింటి దీపం ఆరింది.

టర్ర్ర్ర్ర్ర్...

మేనకోడలు అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మావయ్యా... అమ్మే."

అతనూ తల అటు తిప్పాడు. అచ్చం మిషనే. కానీ అతని చెవి తన పని తను చేసుకుపోతోంది. దారం తెగితే మిషన్ ఆగాలి. మూల వస్తే ఆగాలి. అక్కయితే మూల మూలకీ రెండు కుట్లు వెనక్కేసి గానీ ముందుకెళ్లేది కాదు. ఇది ఊపిరైనా తీసుకోవడం లేదు...

"ఇంత తిన్నగా కుట్టడానికి మీ అమ్మేమన్నా రోడ్డుకి అంచు వేస్తోందా?" అని గొణిగాడు. "ఇది కుట్టు కాదే పిల్లా. గొంతు."

టార్చి వేశాడు.

చెట్టు కొమ్మ మీద — రెండు ఎర్రటి నిప్పుకణికలు.

మేనకోడలు ముఖం దాచుకుంది. అతను మాత్రం టార్చి దించలేదు.

"కళ్లు తెరువు. పిట్ట అది. అన్ని పిట్టల్లా కొమ్మకి అడ్డంగా కూర్చోలేదు, పొడుగునా పడుకుంది. బెరడు రంగు ఒళ్లు, చదును తల, ముక్కు ఇంతే. పగలు ఎదురుగా ఉన్నా ఎండుటాకులే అనుకుంటాం."

ఆమె ఫోన్లో వెతికింది. అదే ఆకారం. నైట్‌జార్ అట, రాత్రిళ్లు పురుగుల్ని పట్టుకు తినే పిట్ట. కూత నొక్కితే ఫోన్లోంచి అదే టర్ర్ర్... చెట్టు మీది పిట్ట నోరు మూసి, తల తిప్పి, ఎవడ్రా నువ్వు అన్నట్టు చూసింది.

ఎన్నాళ్లకో ఆమె నవ్వింది. ఫోన్ ఆపేసింది. "పొద్దున్నే వాళ్లిద్దరి ఇళ్లకీ వెళ్లి చెబుతా మావయ్యా. ఫొటో కూడా చూపిస్తా."

లేవబోయారు. టార్చి ఇంకా చెట్టు మీదే ఉంది. పిట్ట కదల్లేదు, పలకలేదు.

టర్ర్ర్...

వెనక నుంచి. తాళం వేసిన గదిలోంచి.

టర్ర్ర్... ఆగింది. గుడ్డ మూల తిప్పినంత సేపు ఆగింది. టక్, టక్ — రెండు కుట్లు వెనక్కి. మళ్లీ ముందుకి...

అతని చెయ్యి జేబులోకి వెళ్లింది. బెల్టు అక్కడే ఉంది.

"మావయ్యా..." ఆమె గొంతు వినీ వినపడనట్టుంది. "పిట్టేనా?"

అతను నూనెడబ్బా తీసి, చప్పుడు కాకుండా ఆ గది గడప మీద పెట్టాడు.

"పిట్టే," అన్నాడు. "వాళ్లకి అదే చెప్పు."