కిటికీకి లోపలి వైపు

ఆ ఆదివారం క్లైవ్ ఇంట్లో మాడిన టోస్టు వాసనతో తెల్లవారింది. భార్య నోరీన్ కావాలనే మాడ్చిందని అతని అనుమానం. ఆస్ట్రేలియాలో జూలై అంటే చలికాలం, పోర్ట్ ఆగస్టా ఊళ్ళో వంటింటి అద్దాలు చెమర్చి ఉన్నాయి. రైలు ప్రయాణాల రంగుల పుస్తకాలు రెండు. ఉత్తరాన డార్విన్ దాకా పోయే ఘాన్ బండిది క్లైవ్ చేతిలో ఉంది. పడమట పెర్త్ దాకా పోయే ఇండియన్ పసిఫిక్‌ది టీ కెటిల్ కింద ఉంది.

"నా పుస్తకం మీద కెటిల్ పెట్టావేం?" అంది నోరీన్.

"బల్ల కాలిపోతుందని."

"నీది పెట్టొచ్చుగా?"

"నా దాంట్లో నది ఉంది. వేడికి ఇంకిపోతే మొసళ్ళు ఏం కావాలి?"

నోరీన్ నవ్వలేదు. వాళ్ళకు పెళ్ళై యాభై ఏళ్ళు నిండుతున్నాయని కూతురు జెనైన్ బహుమతిగా ఇస్తున్న ప్రయాణం ఇది. ఏ బండో మీరే తేల్చుకోమంది. క్లైవ్ మోకాళ్ళు చూస్తే ఇలాంటిది మళ్ళీ ఉండదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఇన్నాళ్ళుగా తేలలేదు.

"పడమట ఏముందే చూడ్డానికి?" అన్నాడు క్లైవ్. "ఎర్రమట్టి. అది దాటితే ఇంకా ఎర్రమట్టి. చెట్టు కనబడితే డ్రైవరు దిగి దండం పెడతాడు."

"నాకు అదే చూడాలనుంది."

"ఎందుకని?"

"నీకు వద్దెందుకని?"

క్లైవ్ చల్లారిన టీ గుటకేసి కిటికీ వైపు తిరిగాడు. ఏ చిన్న ప్రశ్నకైనా మూడు అబద్ధాలతో జవాబిచ్చే మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం నోరు విప్పడు. నోరీన్‌కు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ ఎర్రమట్టి వాళ్ళకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో క్లైవ్ పెర్త్ దారిలోని నల్లర్‌బార్ మైదానంలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌లో పనిచేశాడు. పట్టాల పక్కన నాలుగు రేకుల ఇళ్ళు, ఒక నీళ్ళ ట్యాంకు, అంతే ఊరు. క్లైవ్ లెక్క ప్రకారం అక్కడ పట్టాలు ఎంత తిన్నగా ఉండేవంటే, మంగళవారం దీపం కనబడిన బండి బుధవారం భోజనాల వేళకు గాని చేరేది కాదు. బండి రాగానే గ్యాంగ్‌వాళ్ళు పారలు పక్కన పెట్టి "పేపర్!" అని గొంతు చించుకునేవారు. ప్రయాణికులు చదివేసిన పేపర్లు కిటికీల్లోంచి విసిరేవారు. గాలి జోరుకు ఆ పేపరు నేల దిగేసరికి అందులో గెలిచిన మంత్రి మళ్ళీ ఓడిపోయి ఉండేవాడట.

పది దాటాక అడిలైడ్ నుంచి జెనైన్ కారు వచ్చి ఆగింది. చేతిలో రెండు పెద్ద గడ్డిటోపీలు.

"ఇదిగోనమ్మా, డార్విన్ ఎండకి. నీలం రిబ్బన్‌ది నీకు."

"డార్విన్‌కెవరు పోతున్నారు?"

జెనైన్ తండ్రి వైపు చూసింది. క్లైవ్ టోస్టు మీద మాడు గీకడంలో మునిగిపోయాడు.

"నాన్నా! అమ్మకీ ఉత్తరం బండే ఇష్టమని ఫోన్లో చెప్పావు కదా? నిన్ననే బుక్ చేశాను!"

నోరీన్ కెటిల్‌ను పొయ్యి మీద గట్టిగా పెట్టింది. మూత ఎగిరి కింద పడింది.

"యాభై ఏళ్ళు నువ్వెక్కడ పాతితే అక్కడ మొలిచాను. ఒక్కసారి, ఒక్క బండి నేను అడిగితే, నా నోటితో నువ్వే జవాబు చెప్పేశావా?"

"అమ్మా, కాస్త..."

"నువ్వుండు జెనైన్. చెప్పవయ్యా! ఏమంత చేదు ఆ బండి నీకు?"

"నువ్వే అన్నావు!" క్లైవ్ గొంతు ఇల్లంతా మోగింది. "ఉతికిన దుప్పట్ల మీదికి ఎర్రదుమ్ము లేచినరోజు. గుమ్మంలో కూర్చుని ఏడ్చావు. ఈ నేల మొహం చచ్చినా మళ్ళీ చూడను, రైలు కిటికీలోంచి కూడా చూడనన్నావు. నిన్ను అక్కడ ఎండబెట్టింది నేనే కదా. మళ్ళీ తీసుకెళ్ళి చూపించమంటావా?"

జెనైన్ టోపీలు బల్ల మీద పెట్టేసింది.

నోరీన్ భర్తను తేరిపార చూసింది. "నా పుట్టినరోజు గుర్తుండదు. పొయ్యి ఆర్పడం గుర్తుండదు. దుప్పట్లు పాడైన మంటలో అన్నమాట పట్టుకుని ఇన్నేళ్ళు కూర్చున్నావా, మొద్దూ!"

"మరెందుకే అక్కడికి?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బండి పోతుంటే జెనైన్‌ని చంకనేసుకుని చెయ్యి ఊపేదాన్ని. ఒకసారి నెమ్మదిగా పోయింది. కిటికీలో ఒకావిడ సూపు తాగుతూ, ఒళ్ళో తెల్లగుడ్డ. నన్ను చూసి చెంచా ఆపేసింది. అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టింది. నేనేమో ఆ పొద్దున నువ్వు కోసిన కోతకి ఇంకా నవ్వుతున్నాను. ఆ ఎండకి కోడి లేచి చూసుకునేలోపు గుడ్డు ఉడికిపోయిందన్నావు చూడు, దానికి. ఆవిడకేం తెలుసు? ఆ కుర్చీలో కూర్చుని, ఆ సూపు తాగుతూ, మన గుమ్మం ఉన్న చోటు చూడాలి క్లైవ్. పాపం అనాల్సిందేమైనా ఉందో లేదో నేనే చెబుతాను."

"ఇప్పుడక్కడ ఇళ్ళు లేవే. అన్నీ ఎత్తేశారు."

"నాకు కనబడతాయిలే."

జెనైన్ ముక్కు తుడుచుకుని ఫోను తీసింది. "మారుస్తారేమో అడుగుతానుండండి. మీ ఇద్దరికీ ఇంకోసారి బుక్ చేస్తే ఒట్టు!"

"ఇప్పుడక్కడ చెయ్యి ఊపేవాళ్ళు లేరు, పేపరు విసరడానికి ఈకాలం బండి కిటికీలు తెరుచుకోవు," అని గొణిగి క్లైవ్ లేచాడు. మోకాళ్ళు పట్టుకుంటూ పెరట్లోకి పోయాడు. కోపంతో పోయాడనుకుంది నోరీన్.

అతను నిమ్మచెట్టు దగ్గర నిలబడి, పార భుజానికి ఆనించి, ఒక చెయ్యి పైకెత్తి కేకేశాడు.

"పేపర్!"

పక్కింటి కుక్క మొరిగింది. నోరీన్ కిటికీ బార్లా తెరిచి, అతను ఇంకా చదవని ఆదివారం పేపరు చుట్టి బలంగా విసిరింది. అది తిన్నగా వెళ్ళి అతని గుండెకు తగిలింది.

"అబ్బా! బండి ఆపకుండానే కొట్టావే!"

ఆమె ఏడుస్తూనే నవ్వింది. కిటికీకి లోపలి వైపు నిలబడి చెయ్యి ఊపింది. బయట పార పట్టుకున్న ముసలివాడు, బండి కనుమరుగయ్యేదాకా ఊపినట్టు, తిరిగి ఊపుతూనే ఉన్నాడు.