విప్పేసిన పేజీలు

ఆదివారం వస్తే తండ్రికి గడ్డం గీయడం తమ్ముడి వంతు. మిగతా రోజుల్లో బస్సు డిపోలో ఇంజన్ల కింద దూరే మనిషి, ఆ ఒక్కరోజు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, గోళ్ల సందుల్లో నలుపు పోయిందో లేదో చూసుకుని మరీ బ్లేడు పట్టుకుంటాడు.

"కదలకు నాన్నా! కదిలావో, చెవి నా బాధ్యత కాదు" అన్నాడు.

మెడ కింద ఏదీ కదలని మనిషితో అనాల్సిన మాటేనా అది? కానీ తండ్రి కళ్లు నవ్వాయి. ఆ ఇంట్లో ఇప్పుడు నవ్వంటే అదే.

"నీ హాస్యం తగలెయ్య, ముందు ఆ నురగ తుడువు" అంది అక్క, దుప్పటి మారుస్తూ. విసుక్కుందే గానీ ఆమె మనసూ తేలికగానే ఉంది. ఇవాళ పుస్తకం చదివే రోజు.

పుస్తకమంటే తల్లి కథ. తల్లి పోయేనాటికి అక్కకు నాలుగేళ్లు, తమ్ముడు ఉయ్యాల్లో ఉన్నాడు. వంటింటి గడపలో కూర్చున్న ఎవరిదో వీపు, దాని మీద తడి జుట్టు. అక్కకు గుర్తున్నది అంతే. అది తల్లో, పక్కింటావిడో కూడా ఆమెకు తెలియదు. ఎప్పుడడిగినా తండ్రి, "చెప్తాలే, తొందరేముంది?" అనేవాడు. చెప్పబోతే ఆయనకు గొంతు పూడుకుపోయేది. ముప్పై ఏళ్లు అలా దాటేశాడు. ఈలోగా నరాల జబ్బొచ్చి ఆ గొంతునే ఎత్తుకుపోయింది. చేతులు కూడా పోతాయని డాక్టరు చెప్పిన రోజున ఆయన కాగితం మీద రాశాడు: "రాయడానికి ఏదైనా తెచ్చిపెట్టండి. కలం నిలవడం లేదు."

అక్క తను వాడి పక్కన పడేసిన ట్యాబ్ తెచ్చి ఇచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర పొద్దస్తమానం పేషెంట్ల ఫైళ్లు తెరిచి మూసే ఉద్యోగం ఆమెది. ఆ పని ఆమెకు మంచినీళ్ల ప్రాయం. ఓ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని నేర్పింది.

"ఇదిగో నాన్నా, ఇది నొక్కితే తెల్ల కాగితం వస్తుంది. దానికి 'పుస్తకం' అని పేరు పెట్టాను. ఇక్కడ టైపు చేయి. అయ్యాక ఈ గుర్తు నొక్కితే సేవ్ అవుతుంది. సేవ్ చేశావంటే ఇక భయం లేదు, ఎక్కడికీ పోదు. అంతే!"

ఆయన తలూపి, వణికే అక్షరాలతో కాగితం మీద ఓ ప్రశ్న రాశాడు: "ఇందులో అక్షరాలు ఎన్ని ఉంటాయి?"

అక్కాతమ్ముళ్లు పడీపడీ నవ్వారు. "బోలెడు నాన్నా! నువ్వెంత రాసినా తరగవు" అన్నాడు తమ్ముడు. తండ్రి నమ్మినట్టు కనిపించలేదు. దాని కిందే ఇంకో మాట రాశాడు: "పూర్తయ్యేదాకా ఎవరూ చూడొద్దు. తడి ఆరని అచ్చు మీద వేలు పెట్టకూడదు."

ఆ మాట ప్రకారం ఎవరూ చూడలేదు. వానాకాలం పోయి చలికాలం వచ్చి వెళ్లిపోయింది. ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఒంటి వేలితో టకటకలాడిస్తూనే ఉన్నాడు. కొన్నాళ్లకు టకటక కాస్తా టక్... టక్ అయింది. పోయిన వారం ఆ వేలు కూడా పడకేసింది. "పుస్తకం అయిపోయిందా నాన్నా?" అని అక్క అడిగితే, ఒక్కసారి కళ్లు మూసి తెరిచాడు. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. ఇంట్లో పెట్టుకున్న లెక్క అది.

గడ్డం గీయడం అయ్యాక ఇద్దరూ ముందు గదిలో చాప వేసుకుని కూర్చున్నారు. అక్క 'పుస్తకం' తెరిచింది. ఒక్క పేజీ వచ్చింది. వేలితో పైకి తోసింది, కిందికి లాగింది. ఇంకేమీ లేదు.

"...ఆ తర్వాత మీ అమ్మ ఆ గొడుగు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. మొదట్లో చెప్పిన రెండు అలవాట్లూ చివరిదాకా ఆమెను వదల్లేదు. పాట సంగతి ముందే రాశాను గనుక మళ్లీ రాయను. ఆసుపత్రిలో తను అన్న మాట కూడా పైన ఉంది, అమ్మాయి దాన్ని రెండుసార్లు చదవాలి. ఇక చెప్పవలసినదేమీ మిగల్లేదు. గుండె తేలికైంది. నాన్న."

"పైన ఉందంటున్నాడు. పైన ఏదీ?" అన్నాడు తమ్ముడు.

"ఉండరా, చూస్తున్నాను కదా!"

ఆమె ఫైళ్లున్న చోటికి వెళ్లింది. ఉన్నది ఒకటే ఫైలు. చెత్తబుట్ట గుర్తు నొక్కింది. అదీ ఖాళీ. 

"నువ్వేగా నేర్పింది?" తమ్ముడి గొంతు లేచింది. "రోజూ వంద ఫైళ్లు చేస్తానంటావు. ఇన్ని నెలల్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తెరిచి చూడలేకపోయావా?"

"చూడొద్దన్నాడు కదరా!"

"చూడొద్దంటే చదవొద్దని. ఉందో లేదో చూసుకోవద్దని కాదు!"

"ఆ మాట నీకెందుకు తట్టలేదు? నెలకోసారి తొంగి చూసి పోయేవాడివి నాకు చెప్తున్నావా? ఆయన ఒళ్లు తుడిచేది నేను, అన్నం పెట్టేది నేను. తప్పొచ్చేసరికి అదీ నాదేనా?"

కోపంలో వచ్చిన మాటకు వావీవరసా ఉండవు. నెలకోసారి అన్నది అబద్ధమని ఆమెకూ తెలుసు. అతను ప్రతి ఆదివారం వస్తాడు. అయినా ఆగలేదు. అక్కడి నుంచి లేచి తండ్రి మంచం దగ్గరికి విసురుగా వెళ్లింది.

"ఏం చేశావు నాన్నా? మిగతా పేజీలేవి? తుడిచేశావా?"

ఆయన ఒకసారి కళ్లు మూసి తెరిచాడు. అవును. ఏ తడబాటూ లేదు. పైగా ఆ చూపులో, పని శుభ్రంగా ముగించినవాడి తృప్తి ఉంది.

"సేవ్ చేసి, తర్వాత తుడిచేశావా? ప్రతి పేజీ అంతేనా?"

అవును.

 తండ్రి నలభై ఏళ్లు పనిచేసిన అచ్చాఫీసు అక్క కళ్ల ముందుకొచ్చింది. చిన్నప్పుడు బడి అయ్యాక అక్కడే కూర్చునేది. తండ్రి సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేజీ పేర్చేవాడు. కాగితాల మీద అచ్చు పడగానే ఆ పేజీని విప్పేసి, ఒక్కో అక్షరాన్ని తిరిగి దాని గూట్లోకి చేర్చేవాడు. అలా చేర్చకపోతే రేపటి పేజీకి అక్షరాలు చాలవు. విప్పకుండా వదిలేసి పోయేవాణ్ని పనిదొంగ అనేవారు. తండ్రిని జీవితంలో ఎవరూ ఆ మాట అనలేదు.

సేవ్ అంటే అచ్చు పడినట్టే అనుకున్నాడు ఆయన. ఎక్కడికీ పోదని కూతురు చెప్పింది కదా! అందుకే పేజీ రాసి, సేవ్ నొక్కి, ఆ అక్షరాలన్నీ చెరిపి, మర్నాడు అదే కాగితం మీద కొత్త పేజీ పేర్చి, మళ్లీ సేవ్ నొక్కాడు. వేళ్లు ఒక్కొక్కటే చచ్చుబడుతున్నా ఏ రోజూ పని ఎగ్గొట్టలేదు. ఆఖరి పేజీని మాత్రం విప్పేలోగా వేలు పడిపోయింది.

ఆమె వెక్కుతూ తమ్ముడికి ఆ సంగతి చెబుతుంటే వెనక నిలబడ్డ అతను, "చెప్పకక్కా! ఆయన దగ్గరొద్దు" అని గొణిగాడు. అప్పటికే ఆలస్యమైంది. అద్దంలో బొమ్మలా తిరగబడ్డ సీసపు అక్షరాల్ని నలభై ఏళ్లు చదివిన మనిషికి కూతురి ముఖం చదవడం ఒక లెక్కా? ఆయన కళ్లలో తృప్తి మెల్లగా ఆరిపోయింది. ఒక కన్నీటి బొట్టు నున్నగా గీసిన చెంప మీదుగా చెవిలోకి జారింది. తుడుచుకునే చెయ్యి ఆయనకు లేదు.

"నా తప్పే నాన్నా, నా తప్పే" అంటూ ఆమె తన పైటచెంగుతో తుడిచింది. తమ్ముడు మోకాళ్ల మీద కూలబడి ఆమె భుజం పట్టుకున్నాడు. "నోటికొచ్చినట్టు వాగాను అక్కా. నేనూ చూడలేదుగా" అన్నాడు. 

ఆశ చావదు కదా! మర్నాడు తమ్ముడు సెలవు పెట్టి ట్యాబ్ పట్టుకుని ఊళ్లో ఉన్న రిపేరు షాపులన్నీ తిరిగాడు. "ఒకదాని మీదే ఒకటి రాసుకుంటూ పోయారు సార్. అడుగున ఏమీ మిగల్లేదు" అని అందరూ ఒకే మాట చెప్పారు. ఆ తర్వాత అక్షరమాల మొదటి నుంచి చదువుతూ, కావాల్సిన అక్షరం దగ్గర కళ్లు మూయమని తండ్రిని అడిగి చూశారు. ఒక పూటంతా కష్టపడితే సగం మాట వచ్చింది. ఆ సగం మాటకే ఆయనకు ఊపిరందక ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చింది. "ఇలాంటివి మళ్లీ చేయించకండి. ఏదైనా అడగాలంటే అవును, కాదు. అంతవరకే. ఆ రెప్పలు కూడా ఎన్నాళ్లో నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక ఇద్దరూ మంచానికి చెరోపక్క కూర్చున్నారు. తమ్ముడు ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని కొత్త ఫైలు తెరిచాడు.

"పోనీ, అవును, కాదు. అవే రాసుకుందాం. నువ్వడుగు అక్కా, నేను కొడతాను. ప్రతిదీ వేరే ఫైలు. దేన్నీ చెరపను."

అక్క తండ్రి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అది బరువుగా, వెచ్చగా ఉంది.

"నాన్నా, అమ్మకు నేనంటే ఇష్టమేనా?"

ఆయన కళ్లు మూసి తెరిచాడు. మళ్లీ మూశాడు, తెరిచాడు. మళ్లీ. రెండుసార్లయితే కాదని అర్థం కదా అని ఆమెకు ఒక్క క్షణం గుండె ఆగింది. కానీ ఆయన ఆగలేదు. డాక్టరు వద్దన్నా, నీళ్లు కారిపోతున్నా, ఆ రెప్పలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

"చాలు నాన్నా, చాలు! తెలిసింది, ఇక ఆపు" అని ఆమె ఆయన నుదుటి మీద నుదురు ఆనించి ఏడ్చింది.

తమ్ముడు కళ్లు తుడుచుకుని 'ఇష్టమే' అన్న ఆ ఒక్క మాట టైపు చేశాడు. సేవ్ నొక్కి, తెరిచి చూసి, ఉందని రూఢి చేసుకున్నాడు. ఇంకో కొత్త ఫైలు తెరిచాడు.

"ఊఁ, తర్వాతది అడుగు."

ఆమె నోరు తెరిచింది. ఏ పాట, ఏ అలవాట్లు, ఆసుపత్రిలో ఏ మాట? వాటికి అవును, కాదు అని జవాబులు లేవు. అవుననో కాదనో చెప్పించాలంటే తనకు ముందే కొంత తెలిసుండాలి. తల్లి పొడుగో పొట్టో, కోపిష్టో నెమ్మదస్తురాలో, ఆ గడపలో కూర్చున్నది అసలు ఆమేనో కాదో తెలియని తను, ఇంకేమని అడుగుతుంది?

"అడుగక్కా" అన్నాడు తమ్ముడు మళ్లీ.

 తండ్రి తడి కళ్లు విప్పార్చుకుని, ఆమె ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాడు.