వంకర లేబులు

"తిన్నగా అంటించినందుకు నన్ను తిట్టిన మొదటి మనిషి మీరే," అంది ఆ అమ్మాయి, చేతిలో స్టీలు స్కేలుతో.

ఆమెతో నాకు అదే మొదటి పరిచయం. కొత్త లేబులింగ్ మెషీను బిగించడానికి మెషీన్ల కంపెనీ పంపిన ఇంజనీరు. నేను అమ్మకాల పని మీద ఊళ్ళు తిరుగుతున్న వారంలో వచ్చి, మెషీను బిగించి, నడిపించి, మా అనాస డ్రింకు లారీ నిండా పంపించేసింది. ఆ లారీ వెళ్ళినట్టే వెళ్ళి, నిండుగా తిరిగొచ్చింది. కొట్టువాళ్ళందరిదీ ఒకటే మాట, ఇది నకిలీ సరుకని.

"మా లేబులు ఎడమవైపు కాస్త వాలి ఉంటుంది. జనం డ్రింకు పేరు కూడా చెప్పరు, వంకరది ఒకటివ్వండి అంటారు," అన్నాను కళ్ళెర్రజేసి.

"ఆ సంగతి ఆర్డర్లో రాశారా?"

"రాయాలా? పాత సీసా చూస్తే తెలీదూ?"

"చూశాను. పాత మెషీను పాడైంది కాబట్టే కొత్తది కొంటున్నారనుకున్నాను."

నిజానికి తప్పు మాదే. పుట్టినప్పటి నుంచి చూస్తున్న వంకర మా కళ్ళకి వంకరగా కనిపించడం ఎప్పుడో మానేసింది. నాన్న గానీ నేను గానీ ఆ అమ్మాయికి ఒక్క మాట చెప్పాలనుకోలేదు. అయితే తప్పు మనదని తెలిశాక గొంతు ఇంకాస్త పెంచడం మా ఇంటి మగవాళ్ళ అలవాటు.

"ఆ మెషీను వెనక్కి పంపించెయ్," అన్నారు నాన్న ముఖం మాడ్చుకుని. "ఎండాకాలం మొదట్లోనే నకిలీ అన్న పేరొస్తే మన కొంప మునిగినట్టే."

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. స్కేలు జేబులో పెట్టుకుంది.

"నాకు ఒక్కదానికే అప్పగించిన మొదటి పని ఇది సార్. మెషీను వెనక్కొస్తే ఇంకో పని ఇవ్వరు. వంకరగా అంటించేలా మారుస్తాను. సోమవారం దాకా టైమివ్వండి."

నాన్న నా వైపు చూశారు. అంతసేపూ అరిచిన నోటితోనే, "ఇద్దాం నాన్నా," అన్నాను. ఎందుకన్నానో అప్పటికి నాకే తెలియదు.

మార్చడం అనుకున్నంత సులువు కాలేదు. ఆ మెషీనుకి ఒక కెమెరా కన్ను ఉంది. ఏ లేబులైనా వాలినట్టు కనిపిస్తే చాలు, సీసాని పక్కకి తోసేస్తుంది. ఇంజనీరు వంకరగా అంటింపజేయడం, మెషీను తోసేయడం. పొద్దస్తమానం ఇద్దరికీ ఇదే పోట్లాట.

ఈలోగా తిరిగొచ్చిన సరుకుకి లేబుళ్ళు నానబెట్టి ఊడదీసి, చేత్తో మళ్ళీ అంటించే పని మొదలుపెట్టాం. బయట అకాల వర్షం, రేకుల కప్పు మీద ఒకటే మోత. బల్ల ముందు నాయనమ్మ, నేను, పనివాళ్ళు. మెషీనుతో విసిగినప్పుడల్లా ఇంజనీరు కూడా వచ్చి నాకు ఎడమపక్కన కూర్చునేది. ఖాళీ అక్కడే ఉండేది. ఖాళీగా ఉండేలా నేను చూసేవాణ్ణి.

"కాస్త వాల్చండి," అన్నాను.

"వాల్చాను కదా."

బల్ల మీదున్న ఆమె స్కేలే తీసి సీసాకి ఆనించాను. లేబులు గీత గీసినంత తిన్నగా ఉంది.

"నా స్కేలు మీరెందుకు తీశారు?"

"మీ నేరం రుజువు చెయ్యడానికి."

"నా చేతికి వంకర అలవాటు లేదండీ. గోడ మీద ఫోటో కాస్త పక్కకి ఒరిగితే మా అమ్మకి నిద్రపట్టదు. ఆవిడ పెంపకం."

"అయితే మా ఇంటికొస్తే ఆవిడకి జాగారమే."

"మా అమ్మ మీ ఇంటికెందుకొస్తుంది?"

జవాబు నా దగ్గరుంది. చెప్పే ధైర్యం లేక ఒకే సీసాకి రెండు లేబుళ్ళు అంటించాను. నాయనమ్మ నవ్వింది.

"వీడు అచ్చం వాళ్ళ తాతే," అంది. "ఆయన ఈ షెడ్డులోనే అనాసరసం కాచి, సీసాల్లో నింపి, లేబుళ్ళు తనే అంటించేవారు. నేను సీసాలు కడిగే పనికొచ్చాను. తొట్టి ఆయనకి ఎడమపక్కన. నా వైపు తిరిగి, నన్నే చూస్తూ అంటించేవారు. ఇక అవి తిన్నగా ఎలా ఉంటాయి?"

"సరుకంతా పాడుచేశారన్నమాట," అంది ఇంజనీరు నవ్వుతూ.

"పెళ్ళయ్యాక బుద్ధిగా తిన్నగానే అంటించారమ్మా. ఇది ఆ డ్రింకు కాదని కొట్టువాళ్ళు తిప్పి పంపారు. మళ్ళీ నన్ను తెచ్చి తొట్టి దగ్గర కూర్చోబెట్టుకున్నారు." నాయనమ్మ కళ్ళు తడిశాయి. "ఈ కంపెనీ, ఈ ఇల్లు, వీడు, అంతా ఆ వంకర పుణ్యమే. అందుకే పొద్దున్నే మొదటి సీసా మీద చెయ్యేసి ఆయన్ని తలుచుకుంటాను."

ఆవిడ రోజూ సీసా తడిమేది జిగురు ఆరిందో లేదో చూడటానికని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. చేతిలోని సీసాని మెల్లగా బల్ల మీద పెట్టాను.

ఇంజనీరు మాత్రం చటుక్కున లేచింది. "బామ్మగారూ, ఆయన చెయ్యి ఒక్కటే కాదు, కళ్ళూ అటే తిరిగున్నాయి కదా. నేను మెషీను చేతినే వాల్చాను. కన్నుని తిన్నగా వదిలేశాను."

చేతినీ కన్నునీ కలిపి ఒకే వైపు తిప్పి బిగించింది. ఒక్క సీసా కూడా పక్కకి పోలేదు. నాన్న సీసాలన్నీ చూసి, "మెషీను ఉంటుందమ్మా," అన్నారు. నేను సంతోషించాను. మెషీను ఉంటుంది సరే, ఆమె వెళ్ళిపోతుందని వెంటనే తట్టింది.

సోమవారం ఆమె బ్యాగు సర్దుకుని సెలవు తీసుకోవడానికి వచ్చింది. నాయనమ్మ చేత్తో అంటించిన ఆఖరి క్రేటు చూస్తోంది. ఒక సీసా పైకెత్తి కళ్ళజోడు సవరించుకుంది.

"ఇదెవరంటించారు? వంకర బాగానే ఉంది గానీ, కుడివైపు వాలిందే."

"నేనే బామ్మగారూ," అంది ఇంజనీరు. "చూసుకోలేదు."

"ఎటు చూస్తూ అంటించావేంటి?"

బల్ల దగ్గర ఆమెకి కుడిపక్కన కూర్చున్నది ఎవరో నాయనమ్మకి తెలుసు, నాన్నకి తెలుసు, అందరికంటే ఆలస్యంగా నాకూ తెలిసింది. ఇంజనీరు సిగ్గుతో స్కేలు కోసం జేబు వెతుక్కుంటోంది. అది ఇంకా నా జేబులోనే ఉంది.

"మీరంటే నాకిష్టం," అన్నాను స్కేలు చేతికిస్తూ. "మీ అమ్మగారిని ఒకసారి మా ఇంటికి రమ్మంటారా? ఫోటోలన్నీ తిన్నగా పెట్టిస్తాను."

"వద్దు, అలాగే ఉంచండి. అమ్మ కూడా అలవాటు పడాలిగా."

నాయనమ్మ ఆ సీసా మీద చెయ్యేసి కళ్ళు మూసుకుంది. నాన్న ఇంజనీరు బ్యాగు తీసుకెళ్ళి ఇంట్లో పెట్టారు.

సరుకు తిప్పి పంపిన కొట్టువాళ్ళందరికీ పెళ్ళి కార్డులు మేమిద్దరమే వెళ్ళి ఇచ్చాం. మొదట నకిలీ అని అరిచిన పెద్దమనిషికి నేను రెండు చేతులూ జోడించాను. మీరు అరవకపోతే ఈమె నాకు దొరికేది కాదని చెప్పాను. ఆయనకేమీ అర్థం కాలేదు. ఫ్రిజ్‌లోంచి మా సీసా ఒకటి తీసి, అలవాటుగా లేబులు చూసుకుని, తర్వాత మా ఇద్దరినీ చూసి, "అసలుదే," అంటూ మూత తీసి ఇచ్చాడు.