ఎరోనిదా ఎడమ చెయ్యి

బానీ ఊళ్ళో మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోవడం కొత్తేం కాదు. ఫ్యాను ఆగింది, పక్కింటి రేడియో ఆగింది. ఎరోనిదా ఇంటి వరండాలో జపమాల చెప్తున్న ఆడవాళ్ళ గొంతులు మాత్రం ఆగలేదు. ఆమె కొడుకు వాస్కర్ పోయి ఆ రోజుకి ఎనిమిది రోజులు. బైకు మీద జనాన్ని దింపి నాలుగు డబ్బులు తెచ్చుకునే పిల్లాడు, ఉప్పు లారీ కింద పడ్డాడు.

యానెలిస్ అందర్నీ దాటుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. పేటలోని ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపీ ఆమె ఉద్యోగం. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎరోనిదా ఎడమ చెయ్యి పడిపోయింది. అప్పట్నించీ యానెలిస్ ఆ చేత్తో కుస్తీ పడుతోంది. వాస్కర్ తల్లి వేళ్ళలో తన వేళ్ళు దూర్చి పక్కనే కూర్చునేవాడు. "నొక్కవే అమ్మా, నా వేళ్ళు విరగ్గొట్టు చూద్దాం!" అని ఏడిపించేవాడు. వాడు పోయే ముందురోజే చిటికెనవేలు కాస్త కదిలింది. ఆ సాయంత్రం వీధంతా కాఫీలు పోశాడు వెర్రినాగన్న.

ఇప్పుడా చెయ్యి ఒళ్ళో ముడుచుకుని పడుంది. ఎనిమిది రోజులుగా ముట్టుకున్నవాళ్ళు లేరు. ఇంకో వారం ఇలాగే వదిలేస్తే అది బిగుసుకుపోతుంది. ఇక ఈ జన్మకి రాదు.

"అద్దం తీస్తానమ్మా," అంది.

బల్లమీద నిలబెట్టే చిన్న అద్దం అది. పడిపోయిన చేతిని దాని వెనక దాచి, ముందు మంచి చేతిని ఆడిస్తారు. అద్దంలో చూసిన కళ్ళు, కదిలేది పడిపోయిన చెయ్యే అనుకుంటాయి. అనుకోగా అనుకోగా అది నిజంగానే కదులుతుంది.

ఎరోనిదా చెల్లెలు ఫ్రెస్విందా గుమ్మంలోంచే గయ్యిమంది. "మతి పోయిందా పిల్లా? తొమ్మిది రోజులూ చావింట్లో అద్దాలు కప్పి ఉంచాలని నీకు తెలీదూ? నువ్వూ ఈ ఊరి పుట్టుకేగా!"

తెలియకేం! అమ్మమ్మ పోయినప్పుడు దుప్పట్లు కప్పింది తనే. పోయినవాళ్ళు తొమ్మిదో రోజుదాకా ఇంట్లోనే తిరుగుతారు, అద్దం కనబడితే అందులో చిక్కుకుపోతారు.

"గోడవి కప్పుకోండి పిన్నీ. ఇది అద్దం కాదు, మందు," అంటూ దుప్పటి లాగేసింది.

మొండిఘటం. మంచికే చేసింది, అదే ఇవాళ్టికీ ఆమెని నిద్రపోనివ్వదు.

"మూయండమ్మా... తెరవండి."

ఎరోనిదా కుడిచెయ్యి మూసింది. తెరిచింది. అద్దంలో చెయ్యి మూసుకుంది.

తెరుచుకోలేదు.

యానెలిస్ వంగి చూసింది. గదిలో కొవ్వొత్తుల వాసన పోయి పెట్రోలు వాసన వేసింది. అద్దంలో చెయ్యి మూసే ఉంది... దాని వేళ్ళ సందుల్లో ఇంకెవరివో వేళ్ళు. గోళ్ళనిండా నల్లటి ఇంజను నూనె.

"వచ్చావా నాన్నా..." అంది ఎరోనిదా గుసగుసగా.

అద్దం వెనక, నాలుగు నెలలుగా చచ్చుబడిన ఎడమ చెయ్యి గాలిని గట్టిగా పట్టుకుంది.

యానెలిస్ దుప్పటి అందుకుంది. "తియ్యకు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క రోజు!" అని బావురుమంది ఎరోనిదా. ఆ ఏడుపు చూసి ఎవరు మాత్రం కప్పగలరు? కప్పలేదు.

మర్నాడు తొమ్మిదో రోజు. యానెలిస్ వచ్చేసరికి జపం అయిపోవస్తోంది. ఎరోనిదా కుర్చీలోంచి కదల్లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"చల్లగా ఉంది తల్లీ. భుజందాకా పాకింది. వాణ్ణి పంపించెయ్యాలి, ఇలా కట్టేసుకోవడం పాపం. విడుద్దామంటే... నా చెయ్యి తెరుచుకోవట్లేదు."

పక్షవాతం వచ్చిన చేతికి ముందు పట్టు వస్తుంది. విడవడం ఆఖర్న వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఆ సంగతి యానెలిస్‌కి కాక ఎవరికి తెలుసు?

ఆమె నేలమీద మోకరిల్లింది. వేళ్ళ బిగువు సడలేలా మణికట్టు కిందికి వంచింది. ముందు బొటనవేలు. తర్వాత చూపుడువేలు... ఒక్కొక్కటే విప్పింది. వేలు విప్పిన ప్రతిసారీ తల్లి "వెళ్ళు నాన్నా, నాకేం భయం లేదు, వెళ్ళు," అంటూనే ఉంది. చిటికెనవేలు ఆఖరు. అరచెయ్యి పూర్తిగా తెరుచుకుంది.

యానెలిస్ గబుక్కున అద్దం మీద దుప్పటి కప్పేసింది.

"విడిచేశాను కదా తల్లీ?"

"విడిచేశారమ్మా."

కానీ ఆ చెయ్యి బల్లమీదికి వాలలేదు. తెరిచిన వేళ్ళతో అలాగే గాల్లో నిలబడి, ఎవరో లాగుతున్నట్టు అద్దంవైపు జరుగుతోంది. చేతి వెనకవైపు చర్మం మీద నాలుగు సొట్టలు... వేళ్ళు నొక్కినట్టు.

యానెలిస్ చూస్తుండగానే, అవి ఇంకా లోతుకి దిగాయి.