ముదీర్ ముందు జపాన్ పాట

షార్జాలో శుక్రవారం ఉదయం. వజీరాబీ వంటింట్లో సేమ్యా వేయిస్తోంది. హాల్లో కూతురు గౌసియా తండ్రి కోటు తొడుక్కుని, స్నేహితురాలు సీడీలో కాపీ చేసిచ్చిన జపాన్ పాట వీడియో టీవీలో పెట్టుకుని డ్యాన్స్ సాధన చేస్తోంది. తండ్రి జిలానీ బాషా దుబాయ్ జెబెల్ అలీ రేవు దగ్గర ఒక జపాన్ కంపెనీ గోదాముకు సూపర్‌వైజర్. సాయంత్రం కంపెనీ కుటుంబాల వేడుక. తన కూతురు మీ దేశం డ్యాన్సే చేస్తుందని ముదీర్‌కు, అంటే తన జపాన్ మేనేజరుకు, ముందే మాటిచ్చాడు.

టీ గ్లాసుతో వచ్చి, మొదటిసారి ఆ వీడియో చూశాడు. కోట్లు, నెరిసిన విగ్గులు వేసుకున్న అమ్మాయిలు కుర్చీల్లో గురకపెడుతున్నారు. లేచి ఒకరి కుర్చీ ఒకరు లాక్కుంటున్నారు.

"ఎవురమ్మా వీళ్లు?"

"జపాన్ మంత్రులబ్బా. జనానికి మాటిచ్చి నిద్రపోతారంట. వాళ్లని ఎక్కిరిస్తుండారు."

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "వాళ్ల మంత్రుల్నా? ముదీర్ ముందరనా?"

"జపాన్ డ్యాన్స్ అన్నావు, నేర్చుకున్నా. ఒక్కరోజన్నా కూర్చొని చూసినావా?"

"వచ్చే నెల నా వీసా రెన్యువల్. ఆయన వద్దంటే ఖలాస్, ముగ్గురం నెల్లూరు పోవాల. నీ చదువు ఏం కావాల? ఆపు."

గౌసియా ఆపలేదు. గుండె మీద చెయ్యి పెట్టి, తల దించి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీకి వంగింది. మళ్లీ వంగింది.

"వీడియోలో అది లేదే?" అన్నాడు.

"అది నీదబ్బా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"నన్నూ ఎక్కిరిస్తుండావా?"

"లేదు. పోయినేడు ఈ పార్టీలోనే ఎవరిదో తప్పుకు ఆయన అందరి ముందర నిన్ను తిట్నాడు. నువ్వు ఇట్లనే వంగినావు. ఇంటికొచ్చి బిర్యానీ బాగుండిందన్నావు. నేను చూసినానని ఆయనకు తెలియాల."

 జిలానీ బాషా ఆఫీసుకు ఫోన్ చేసి, అమ్మాయికి ఒంట్లో బాగాలేదు, డ్యాన్స్ ఉండదని చెప్పాడు. గౌసియా కోటు విప్పబోయింది.

"విప్పొద్దు బేటీ." ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. "అక్కడైతే నాకు భయం. ఇక్కడ చెయ్, చూస్తా. ఏమే, స్టవ్వు ఆపి నువ్వూ రా."

పాట మొదలైంది. మంత్రుల గురకకు వజీరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వంగే చోటు వచ్చేసరికి గౌసియా తటపటాయించింది.

"చెయ్," అన్నాడు తండ్రి.

ఆమె వంగింది, ఈసారి ఆయనకే. ముదీర్ చోట కూర్చుని, తను వంగినట్టే కూతురు వంగడం చూడటం ఆయనవల్ల కాలేదు. గబుక్కున లేచి, కూతురి రెండు భుజాలూ పట్టుకుని నిటారుగా నిలబెట్టాడు. తన చెంపల మీదికి జారిన కన్నీళ్లను తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.